ప్లాను గట్టు మీదే గీసుకోవాలి

ప్రశ్న: గురువుగారూ, మాది రాజోలు దగ్గర. ప్రైవేటు సర్వేయరుని. టోటల్ స్టేషన్‌తో (దూరాలు, కోణాలు కొలిచే యంత్రం) పొద్దున్నే చేలో దిగితే సాయంత్రానికి ఐదొందల పాయింట్లు వస్తున్నాయి. వాటిని ఆటోక్యాడ్‌లో (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరు) ఒక్కొక్కటీ కలిపి ప్లాను తేల్చడానికి మూడు రాత్రులు పడుతోంది. ఈ పని సాఫ్ట్‌వేరు చేత చేయించుకోలేమా?

జవాబు: చేయించుకోవచ్చు బాబూ. నీ పాయింట్ల ఫైలులో నంబరు, నార్తింగు (ఉత్తరం వైపు దూరం), ఈస్టింగు (తూర్పు వైపు దూరం), ఎత్తు, వాటి పక్కన కోడు ఉంటాయి. ఆ కోడు గడి నువ్వు ఖాళీగా వదిలేస్తున్నట్టున్నావు. నేను గట్టు పైఅంచుకి జీటీ, అడుగుకి జీఏ, పంటబోదెకి బీడీ, కొబ్బరిచెట్టుకి సీటీ పెట్టుకున్నాను. రెండు గట్లుంటే జీటీ1, జీటీ2. గీత మొదలైన పాయింటుకి ‘బీ’ (B), ముగిసినదానికి ‘ఈ’ (E) అక్షరం చేరుస్తాను. ఏ కోడు ఏ లేయరులో, ఏ గుర్తుతో పడాలో సివిల్ 3డీలో (ఆటోక్యాడ్ వాళ్ల సర్వే సాఫ్ట్‌వేరు) ఒక్కసారి చెప్పి పెట్టుకుంటే చాలు, ఫైలు ఎక్కించగానే గీతలు కలుస్తాయి, చెట్లు వాటి చోట నిలబడతాయి.

తొలిరోజుల్లో ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువులు కొలుస్తూ రెండు గట్లకీ ఒకే నంబరు ఇచ్చేశాను. చెరువు నడిమధ్యగా గీత పడింది. అది కంటికి కనబడింది కాబట్టి దిద్దుకున్నాను. కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) తప్పు అలా కనబడదు. సాఫ్ట్‌వేరు దగ్గర దగ్గర పాయింట్లను త్రికోణాలుగా కలుపుకుంటూ పోతుంది. గట్టు అంచుల్ని బ్రేక్‌లైన్లుగా, అంటే త్రికోణాలు దాటకూడని గీతలుగా, ఇవ్వకపోతే ఈ చేలోంచి ఆ చేలోకి గట్టుని కోసుకుంటూ త్రికోణం వేసేస్తుంది, మ్యాపులో గట్టుకి గండి పడినట్టే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన కాలువలు వాలు మీదే పారుతున్నాయి. ఇంత చదును నేలలో జానెడు తేడా వస్తే నీరు ఎవరి చేలోకి పోతుందో చెప్పలేం. అందుకే గట్టు పైనా కిందా రెండుచోట్లా పాయింట్లు తీయి, బద్ధకించకు.

విస్తీర్ణం సాఫ్ట్‌వేరు చదరపు మీటర్లలో వేస్తుంది. రైతు అడిగేది సెంట్లు. 40.47 చదరపు మీటర్లు ఒక సెంటు, ఆ భాగహారం లేబుల్లోనే పెట్టేయి. కొబ్బరితోటలో మట్టల కింద జీపీఎస్ రోవరుని (ఉపగ్రహాలతో చోటు తేల్చే పరికరం) నమ్మకు, టోటల్ స్టేషనే దించు. తప్పు పాయింటుని కూడా సాఫ్ట్‌వేరు అంతే అందంగా గీస్తుంది.

హద్దు గీతని మాత్రం కోడుకి వదలకు. ఇవాళున్న గట్టు వేరు, ఎఫ్‌ఎంబీలోని (ప్రభుత్వ పొలాల కొలతల పుస్తకం) హద్దు వేరు. ఇరుపక్కలా చెక్కగా చెక్కగా గట్టు జరిగిపోతుంది. హద్దు రాళ్లు వెతుకు. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో (పాత గొలుసు కొలత) ఉంటే 100 లింకులు 66 అడుగులని లెక్కగట్టి, సరిచూసుకుని, నీ చేత్తోనే గీయి.

కోడుల జాబితా ఒకటి రాసి, ప్రిజం కర్ర పట్టే కుర్రాడి జేబులో కూడా పెట్టు. ముందు మీ దొడ్డి ఓ యాభై పాయింట్లతో కొలిచి చూడు. బోదె తిన్నగా కలిస్తే అప్పుడు చేలోకి వెళ్లు.