స్పైక్స్ అప్పుడే ఎవరికీ ఇవ్వొద్దు

కందుకూరు

నాయనా, ఆశీస్సులు.

మొన్న ఆదివారం పొద్దున ఆరు గంటల పూజ అయ్యాక గుడి వెనక వేపచెట్టు కింద నిలబడ్డావు. నీ పరుగు బూట్లు, ఆ స్పైక్స్ లేసు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, "ఫాదర్, నేనూ ఫాదర్ కావడానికి సెమినరీకి పోతాను. ఇవి మా జూనియర్‌కి ఇచ్చేస్తా" అన్నావు. చుట్టూ జనం ఉన్నారని తల నిమిరి పంపించాను. నిలబెట్టి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ కోరిక ఎప్పుడు మొదలైంది? 800 మీటర్లలో నాలుగో స్థానానికి పడిపోయి తిరిగొచ్చాకా, లేక అంతకు ముందు నుంచే ఉందా?

నేనూ కబడ్డీ ఆడినవాణ్ణే. ఇరవయ్యో ఏట మోకాలు పోయింది. ఆట పోయిన నెలకే సెమినరీలో చేరతానన్నాను. దేవుడు పిలిచాడని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. రెండేళ్లకు ఒక సాయంత్రం తోటి బ్రదర్లు కబడ్డీ ఆడుతుంటే గట్టున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పిలుపు వినబడి కాదు, నా కూత ఆగిపోయి వచ్చానని అప్పుడు తెలిసింది. మా ఆధ్యాత్మిక గురువుగారితో చెప్పుకుంటే కోప్పడలేదు. ఏడాది ఇంటి దగ్గర ఉండి రమ్మన్నారు. పగలు పొలం పని, సాయంత్రం పిల్లలకు కబడ్డీ నేర్పడం. నేర్పుతున్నా, పిల్లలు గెలుస్తున్నా, నా మనసు బలిపీఠం వైపే పోయేది. అప్పుడు మళ్లీ వెళ్లాను. ఆ రెండోసారి వెళ్లడాన్నే నేను పిలుపు అంటాను.

దెబ్బ తగిలినప్పుడు దేవుడు పిలవడని కాదు. జెస్యూట్ సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ గారికి 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచంలో పడ్డాకే మనసు మారింది. కానీ గురుపట్టం, అంటే ఫాదర్‌గా అభిషేకం, ఎప్పుడు పొందారు? 1537లో. మధ్యలో పదహారేళ్లు. ముప్పై దాటిన మనిషి బార్సిలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్నారు. మంచం మీద ఆయన ఒక సంగతి పట్టుకున్నారు. గొప్పింటి దొరసాని కోసం చేయబోయే సాహసాలు తలచుకుంటే అప్పటికి హుషారుగా ఉండేది, తర్వాత మనసు ఎండిపోయేది. క్రీస్తు కోసం బతకడం గురించి తలచుకుంటే మాత్రం ఆ తర్వాత కూడా నెమ్మది మిగిలేది. నువ్వూ ఆ మిగిలేదాన్నే చూసుకో. మనసు కుంగి ఉన్నప్పుడు నిర్ణయాలు మార్చుకోవద్దని నేర్పింది కూడా ఆయనే.

కాబట్టి సీజన్ మధ్యలో ఆపొద్దు. పూర్తిగా పరిగెత్తు. ఎప్పుడో ఒక మీట్‌లో గెలుస్తావు. ఆ రాత్రి ఫోన్ పక్కన పడేసి, గుడిలో దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా మనం ఆరాధించే అప్పం, ముందు అరగంట కూర్చో. మెడల్ చేతిలో ఉన్నప్పుడూ ఇదే కోరిక ఉంటే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పర్వాలేదు.

నాలుగున్నరకే లేవడం, పెట్టింది తినడం, కోచ్ మాట వినడం నీకు అలవాటే గనక సెమినరీ సులువనుకుంటావేమో. అవన్నీ నిజంగానే నీకు సాయపడతాయి. కష్టం వేరే చోట ఉంది. ట్రాక్ మీద స్టాప్‌వాచ్ ఉంటుంది, అర సెకను తగ్గినా తెలుస్తుంది. మా పనిలో అది లేదు. పొదిలి వైపు ఒక విచారణలో, అంటే ఒక ఫాదర్ చూసుకునే సంఘంలో, ఉండగా ఒక ముసలమ్మ మంచం పట్టింది. ప్రతి నెలా మొదటి శుక్రవారం సత్ప్రసాదం తీసుకెళ్లేవాణ్ణి. ఏడాదిన్నర పాటు ఒక్క మాట లేదు, గోడ వైపు చూస్తూ ఉండేది. చివరిసారి వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని "అన్నం తిన్నావా నాయనా" అంది. ఆ నెలలోనే పోయింది. ఇలాంటివాటికి టైమింగ్ ఎవరూ రాయరు. అది లేకుండా పరిగెత్తగలవా, ఆలోచించు.

బ్రహ్మచర్యం గురించి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. నచ్చిన అమ్మాయి ఉంటే నీ ఆధ్యాత్మిక గురువు దగ్గర దాచొద్దు, ఆ ఇష్టం పాపం కాదు. క్రిస్మస్ రాత్రి పూజ అయ్యాక అందరూ కుటుంబాలతో ఇళ్లకు పోతారు. నువ్వు తాళం తీసుకుని ఖాళీ గదిలోకి వెళ్తావు. ఆ గదిలోకి ఇష్టంగా అడుగుపెట్టగలగాలి. ఏడుపుగొట్టుగా బతికే గురువు వల్ల ఊరికి మేలు జరగదు, ఈ మాట గట్టిగానే అంటాను.

తొందర కూడా లేదు. మన కతోలిక సంఘ చట్టం ప్రకారం తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి చదువే కనీసం ఆరేళ్లు. గురుపట్టానికి ముందు మెట్టయిన డీకన్ అయ్యాక కనీసం ఆరు నెలలు ఆగాలి. మామూలుగా 25 నిండకుండా గురుపట్టం ఇవ్వరు. నీకిప్పుడు ఇరవై. డిగ్రీ పూర్తి చెయ్యి, సప్లీలు మిగుల్చుకుని రావొద్దు. సెమినరీలో చేరాక ఇది నా దారి కాదని తేలితే తిరిగి రావడంలోనూ సిగ్గు లేదు. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించిన ఇటలీవాడు ఫ్రసాతి నీలాగే కుర్రవాడు, కొండలెక్కేవాడు, రోజూ పూజకు పోయేవాడు. గురువు కాలేదు. గని కార్మికుల మధ్య పనిచేయాలని మైనింగ్ ఇంజినీరింగ్ చదివాడు. మన చీమకుర్తి క్వారీల పక్కన పెరిగినవాడికి ఆ పని విలువ తెలుస్తుంది.

ఇక మీ నాన్న. స్పోర్ట్స్ కోటాలో నీకు ఉద్యోగం వస్తుందని ఆయన ఆశ. పొగాకు ధర పడిపోయి పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ అప్పు మెడకు చుట్టుకున్న ఏడాది కూడా నీ పాలు, గుడ్లు ఆపలేదు. ఆయనకు నువ్వే చెప్పు, నాతో చెప్పించొద్దు. కేకలేస్తాడు, వెయ్యనీ. అప్పు ఎవరు తీరుస్తారని అడిగితే దేవుడు చూసుకుంటాడని అనొద్దు. అది న్యాయమైన ప్రశ్న, కూర్చుని ఆయనతో లెక్క చూడు. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతే వెనకే వెళ్లి పక్కన కూర్చో.

పరుగు మానేస్తేనే దేవుడు మెచ్చుతాడన్న ఆలోచన మాత్రం తీసెయ్యి. రెండో జాన్ పాల్ పోపుగారు కుర్రతనంలో గోల్‌కీపర్, పోపు అయ్యాక కూడా స్కీయింగ్‌కు వెళ్లారు. పౌలుగారు కొరింతీయులకు రాస్తూ పందెంలో పరిగెత్తేవాళ్లనే చూపించారు. మొదటి లేఖ తొమ్మిదో అధ్యాయం చివర ఉంటుంది, ఈ వారం రోజూ చదువు.

నాన్నతో మాట్లాడాక శనివారం ప్రాక్టీస్ అవగానే రా. స్పైక్స్ కూడా తీసుకురా, ఎడమ దానికి లేసు తెగేలా ఉంది, కొత్తది కొని పెట్టాను.

ప్రేమతో,
మీ ఫాదర్