స్విమ్మింగ్‌లో నాలుగో స్థానం దగ్గర ఆగిన అమ్మాయి మోడర్న్ పెంటాథ్లాన్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ స్విమ్మింగ్ చేస్తోంది, కానీ పోటీల్లో నాలుగో స్థానం, ఐదో స్థానం దాటడం లేదు. పరుగులో మాత్రం స్కూల్లో తనే ఫస్ట్. మోడర్న్ పెంటాథ్లాన్‌కి మార్చమని కోచ్ అంటున్నారు. గుర్రపు స్వారీ నేర్పించే స్తోమత మాకు లేదు. అసలు ఈ ఆటతో బతకగలదా? చదువు మానిపించి పూర్తిగా ట్రైనింగ్‌లో పెట్టాలా? పైగా తనకి కళ్లద్దాలు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు గుర్రం సంగతి తేల్చేద్దాం అమ్మా, మీ టెన్షన్‌లో సగం దానిదే కాబట్టి. మోడర్న్ పెంటాథ్లాన్ అంటే ఐదు పోటీలు కలిపిన ఒకే ఆట, అందులో ఒకటైన గుర్రపు స్వారీ ఇప్పుడు లేదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదలై 2024 పారిస్‌తో దాని కథ ముగిసింది. క్రీడాకారులకి సొంత గుర్రం ఉండేది కాదు, లాటరీలో ఏది వస్తే అది, దాంతో మచ్చిక చేసుకోవడానికి 20 నిమిషాలు. టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి స్థానంలో ఉన్న జర్మనీ అమ్మాయికి వచ్చిన గుర్రం మొండికేసింది, వాళ్ల కోచ్ దాన్ని పిడికిలితో గుద్దడం ప్రపంచమంతా టీవీలో చూసింది, ఆ గొడవ చివరికి స్వారీనే తీసేసేదాకా వెళ్లింది. ఒలింపిక్స్‌లో 2028 లాస్ ఏంజిలిస్ నుంచి దాని స్థానంలో అబ్‌స్టకిల్ కోర్సు: రింగులు పట్టుకుని వేలాడుతూ దాటడం, మెట్ల మీద నుంచి మెట్ల మీదకి దూకడం, చివర్లో వంపు తిరిగిన ఎత్తు గోడ ఎక్కి బజర్ నొక్కడం. టీవీలో వచ్చే నింజా పోటీలు మీ పాప చూసే ఉంటుంది, అలాంటివే. ఖర్చు పరంగా మీలాంటి వాళ్లకి ఇంతకన్నా మంచి మార్పు లేదు.

ఇక మిగతా నాలుగు. ఎపీ అనే రకం కత్తితో ఫెన్సింగ్ (కత్తిసాము), 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈత, ఆపైన పరుగూ షూటింగూ కలిపిన లేజర్ రన్. షూటింగ్ అంటే కంగారు పడకండి, అది లేజర్ పిస్టల్, అందులోంచి తూటా రాదు. 10 మీటర్ల దూరంలోని టార్గెట్‌ని ఐదుసార్లు కొట్టేదాకా, లేదా 50 సెకన్లు అయిపోయేదాకా అక్కడి నుంచి కదలకూడదు, కొట్టగానే మళ్లీ పరుగు. పారిస్‌లో అలా 600 మీటర్ల చొప్పున ఐదు రౌండ్లు, మధ్యలో నాలుగుసార్లు షూటింగ్. ముందు ఈవెంట్లలో వచ్చిన పాయింట్లు ఇక్కడ సెకన్లు అయిపోతాయి. మీకంటే 12 పాయింట్లు ఎక్కువున్న అమ్మాయి 12 సెకన్ల ముందు బయల్దేరుతుంది, చివరికి గీత ముందు దాటిన వాళ్లే విజేత. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, గుండె దడదడలాడుతుంటే చెయ్యి కదలకుండా గురిపెట్టాలి మరి.

మీ పాప నాలుగో స్థానం గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒలింపిక్ స్విమ్మింగ్ ఫైనల్‌కి చేరే మహిళలు 200 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 2 నిమిషాల లోపు ముగిస్తారు, అక్కడ మీ పాపకి దారి కష్టమే. పెంటాథ్లాన్‌లో 2 నిమిషాల 10 సెకన్ల చుట్టుపక్కల ఈదే మహిళ మంచి ఈతగత్తె కిందే లెక్క. అంటే తన స్విమ్మింగ్ ఇక్కడ వృథా కాదు, పెట్టుబడి. ఈతలో టెక్నిక్ చిన్నప్పుడే ఒంటబట్టాలి, పెద్దయ్యాక మొదలుపెట్టిన వాళ్లకి అది చాలా అరుదుగా వస్తుంది, పరుగు కూడా కొంతవరకు అంతే. ఆ రెండూ ఉన్న పిల్ల అంటే కష్టమైన సగం అయిపోయినట్టే. మీ కోచ్ తప్పు సలహా ఇవ్వలేదు.

అసలు సమస్య ఫెన్సింగ్. కొత్తగా చేరే స్విమ్మర్లందరూ దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే కండబలంతో గెలిచే ఆట కాదు. పారిస్‌లో ర్యాంకింగ్ రౌండ్‌లో ఒక్కొక్కరు మిగతా 35 మందితోనూ తలపడ్డారు, ప్రతి బౌట్‌కీ (ఒక్కో పోరుకీ) ఒకే ఒక్క టచ్, అంటే ఎదుటివాళ్లకి ముందు కత్తి తాకించినవాళ్లదే గెలుపు, నిమిషానికి మించదు. ఎదుటివాళ్లు ఏం చేయబోతున్నారో పసిగట్టడం ఏళ్ల తరబడి రకరకాల మనుషులతో ఆడితే తప్ప రాదు. అందుకే ఇంకేదీ మార్చకుండా, ఈ ఏడాది ఈత, పరుగు కొనసాగిస్తూ మంచి ఎపీ క్లబ్బులో చేర్పించండి. లేజర్ షూటింగ్‌కీ అబ్‌స్టకిల్‌కీ తొందరేమీ లేదు, మధ్యలో సరదాగా నేర్చుకోవచ్చు. చిన్నవాళ్లకి ఐదూ కలిపి పెట్టరు కూడా, లేజర్ రన్, ఈత, పరుగు కలిపిన పోటీలతోనే మొదలవుతుంది. ఏడాది తర్వాత తనకి ఫెన్సింగ్ ఇష్టంగా ఉందా, ఓడినా మర్నాడు వెళ్తానంటోందా, అదొక్కటి చూడండి. ఏడుస్తూ వెళ్తుంటే ఆపేయండి, స్విమ్మర్‌గానో రన్నర్‌గానో తన జీవితం బాగానే ఉంటుంది.

బతుకుదెరువు గురించి మెత్తగా చెప్పి లాభం లేదు. ఈ ఆటలో పెద్ద ప్రొఫెషనల్ లీగు లేదు, ప్రైజ్ మనీ మీద ఇల్లు గడవడం కష్టం, స్పాన్సర్లు టాప్‌లో ఉన్న కొద్దిమందికే. చాలా దేశాల్లో ఈ క్రీడాకారులు జీతం తీసుకునేది సైన్యం, పోలీసు విభాగాల్లోని క్రీడా జట్ల నుంచి, లేదంటే ఫెడరేషన్ ఇచ్చే భత్యం మీద ఉంటారు. ఒలింపిక్స్ తలుపు కూడా ఇరుకే, పారిస్‌లో మహిళలు 36 మంది, ఒక్కో దేశం నుంచి ఎక్కువలో ఎక్కువ ఇద్దరు. కాబట్టి చదువు మానిపించొద్దు. ఇందులో బేరం లేదు. బ్రిటన్ జట్టు శిక్షణ కేంద్రమే బాత్ యూనివర్సిటీలో ఉంది, టోక్యోలో రెండు స్వర్ణాలూ, జో చూంగ్‌కీ కేట్ ఫ్రెంచ్‌కీ, అక్కడి నుంచే వచ్చాయి. చదువుతో కలిపి చేయడం సాధ్యమే, అయితే కాలేజీ టైమ్‌టేబుల్‌లో సర్దుబాటు ఇస్తారో లేదో ముందే అడిగి తీసుకోవాలి. ఆట అయ్యాక కోచింగ్, స్పోర్ట్స్ సైన్స్, ఫిజియోథెరపీ, యూనిఫాం ఉద్యోగాలు సహజంగా కలిసొస్తాయి. వీళ్లు ఒక్క ఆట కాకుండా నాలుగైదు తెలిసిన మనుషులు కాబట్టి కోచ్‌లుగా గిరాకీ ఉంటుందనే నా నమ్మకం.

వయసు గురించి కూడా కంగారు వద్దు. పారిస్‌లో గెలిచిన ఈజిప్ట్ కుర్రాడు అహ్మద్ ఎల్‌గెండీకి 24, మహిళల్లో గెలిచిన హంగేరీ అమ్మాయి మిషెల్ గుయాష్‌కి 23. మరోవైపు లిథువేనియాకి చెందిన లౌరా అసదౌస్కైటే 2012లో స్వర్ణం గెలిచి, టోక్యోలో 37 ఏళ్లకి రజతం తెచ్చుకుంది. 14కే అన్నీ వచ్చేయాలన్న రూలు ఎక్కడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు తల్లిగా కళ్లు తెరుచుకుని ఉండాలి. నాలుగైదు రకాల ట్రైనింగ్ అంటే పొద్దున ఈత, సాయంత్రం ఫెన్సింగ్, మధ్యలో పరుగు, జిమ్, రోజంతా గడిచిపోతుంది, ప్రతి కోచ్‌కీ తన ఆటే ముఖ్యం, మొత్తం భారం ఎంతవుతోందో లెక్క చూసే మనిషి ఎవరో ఒకరు ఉండాలి. ఎవరూ లేకపోతే అది మీరే. ఈతతో అలిసిన భుజానికి రింగుల మీద వేలాడటం తోడైతే నొప్పి ఖాయం. అంతకన్నా పెద్ద విషయం తిండి: ఒంట్లో ఖర్చయ్యే శక్తికి తగ్గట్టు తినకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకల్లో పగుళ్లు రావచ్చు. "అథ్లెట్లకి ఇదంతా మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

కళ్లద్దాలా, అది అడ్డు కానే కాదు. ఫెన్సింగ్ మాస్క్ లోపల పెట్టుకోవచ్చు, పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ దొరుకుతాయి, షూటింగ్‌కి ఎలాగూ ఇబ్బంది లేదు. పరుగులోనూ అబ్‌స్టకిల్‌లోనూ జారిపోకుండా వెనకాల పట్టీ ఉన్న ఫ్రేమ్ తీసుకోండి.