నాన్నగారి ఫియట్‌కి ఇంకో 38 వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది కంచరపాలెం. వయసు 45. గాజువాకలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 64 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 18,500. బ్యాంకులో 1.4 లక్షల ఎఫ్‌డీ ఉంది, నెలకి 5 వేలు సిప్ కడుతున్నాను. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. మా నాన్నగారు 1994లో కొన్న ప్రీమియర్ పద్మిని, అదే అందరూ ఫియట్ అనే కారు, ఇంకా మా దగ్గరే ఉంది. ఆయన కిందటేడు కాలం చేశారు. ఆఫీసుకి నేను స్కూటరు మీదే వెళ్తాను. కారు తీసేది ఆదివారాలు, గుళ్లకీ పెళ్లిళ్లకీ మాత్రమే. గత 14 నెలల్లో దాని మీద 58,600 అయింది, బిల్లులు పంపుతున్నాను. ఇప్పుడు ఇంజన్ పని చేయించాలి, 38 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. అమ్మేసి కొత్తది కొందామని మా ఆవిడ గొడవ. ఒకాయన 60 వేలు ఇస్తానన్నాడు. నాకు మనసు రావడం లేదు. గోల్డ్ లోన్ పెట్టి ఇంజన్ చేయించమంటారా? లేక ఏడు లక్షల్లో కొత్త కారు తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఎందుకో చెప్తాను. కానీ అంతకంటే ముందు మీరు అడగని విషయం ఒకటి ఉంది.

బిల్లులతో పాటు ఇన్సూరెన్స్ కాగితం కూడా పంపారు. దాని మీద తేదీ ఈ ఏడాదిది, పేరు నాన్నగారిది. అంటే ఆర్‌సీ, బండి రిజిస్ట్రేషన్ కాగితం, కూడా ఇంకా ఆయన పేరు మీదే ఉండి ఉంటుంది. ఆన్‌లైన్‌లో బండి నంబరు కొడితే పాత వివరాలన్నీ అవే వచ్చేస్తాయి, డబ్బు కట్టేస్తాం, పాలసీ చేతికొస్తుంది. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతోంది. యజమాని చనిపోతే 30 రోజుల్లోపు రవాణా శాఖకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు వారసుల పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి. నాన్నగారు ఉండగా తీసుకున్న పాలసీ కూడా ఆయన పోయాక మూడు నెలల వరకో, గడువు తీరేవరకో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. లేని మనిషి పేరు మీద ఆ తర్వాత రెన్యూవల్ చేసిన పాలసీని నమ్ముకుని మీరు బీచ్ రోడ్డులో తిరుగుతున్నారు. రేపు ఎవరికైనా తగిలిందనుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునే పాయింటు ఇదే. ప్రాణనష్టం జరిగితే కోర్టు వేసే పరిహారానికి పైపరిమితి ఉండదు. మీ ఎఫ్‌డీ, ఇల్లు, అమ్మాయి చదువు డబ్బు, అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

కాబట్టి ఈ వారంలోనే మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారూ తోబుట్టువులూ ఉంటే వాళ్ల అభ్యంతరం లేదన్న అఫిడవిట్, ఫారం 31 పట్టుకుని మాధవధార ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లండి. గడువు దాటింది కనక కొంత ఫైన్ పడుతుంది, కట్టేయండి. ఆర్‌సీ మీ పేరుకి వచ్చేదాకా కారు గేటు దాటకూడదు. వచ్చాక మీ పేరు మీద కొత్త థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా, తీసుకోండి. మీ బండి 1089 సీసీ. 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా అందులో చేర్పించండి. ఎవరైనా ఫుల్ ఇన్సూరెన్స్ ఇప్పిస్తామన్నా ఆశపడకండి. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి సగం ధరే ఇస్తారు, పదేళ్లు దాటిన బండికి ఇనుప సామాన్లకీ అంతే.

ఇక బిల్లులు. 58,600 అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ కుప్పగా చూడకూడదు, విడదీసి చూడాలి.

నాలుగు టైర్లు 14,000. మీరు తిరిగే దూరానికి అవి ఐదేళ్లు వస్తాయి. బ్యాటరీ 4,800, మూడేళ్లు. ఫ్లోరు తుప్పుకి ప్యాచ్ వెల్డింగు, పెయింటు 21,000. మన ఊళ్లో ఉప్పుగాలికి ఇది తప్పదు. ఇంకో ఊళ్లో ఎనిమిదేళ్లు వచ్చే పెయింటు ఇక్కడ నాలుగేళ్లు నిలిస్తే మహా గొప్ప. ఈ మూడూ కలిపి ఏడాదికి వేసుకుంటే 9,650 మాత్రమే. మిగిలిన 18,800 దగ్గర ఆగాలి. అందులో రేడియేటర్ పని రెండుసార్లు, కార్బొరేటర్, ఫ్యూయల్ పంపు పని మూడుసార్లు. ఐదు బిల్లులూ ఒకే షెడ్డువి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. సింహాచలం కొండ ఎక్కుతుంటే సగంలో బండి ఆగిపోతుందనీ, డిక్కీలోంచి తాతగారి గుడ్డ తీసి తడిపి పంపు మీద వేసే డ్యూటీ మీ అమ్మాయిదనీ, పది నిమిషాలాగి తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుందనీ రాశారు. చదువుతుంటే వేడి ఇనుము మీద నీళ్లు పడ్డ చుయ్‌మనే చప్పుడు నాకూ వినిపించింది. నేను మెకానిక్‌ని కాదు కానీ, ఆ గుడ్డలోనే మీ జబ్బు ఉంది. ఇంజన్ మరీ వేడెక్కితే పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని లాగలేదు, బండి ఆగుతుంది. తడిగుడ్డ వేస్తే చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది. అంటే కార్బొరేటర్ తప్పేమీ లేకపోవచ్చు. వేడి ఎందుకెక్కుతోందో చూడకుండా మూడుసార్లు కార్బొరేటర్ విప్పారు, మూడుసార్లూ మీరు డబ్బు కట్టారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 1994 నాటి రబ్బరు పైపులూ, పంపు లోపలి డయాఫ్రమూ దానికోసం చేసినవి కావు. పైపులు ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించమని గట్టిగా చెప్పండి.

అలాగే ఆ 38 వేలు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు నీలంరంగు పొగ వస్తుందని, తర్వాత పోతుందని రాశారు. ఆ ఒక్క గుర్తుతో ఇంజన్ విప్పేయక్కర్లేదు. వాల్వుల దగ్గర ఆయిల్ దిగినా అలాగే వస్తుంది, అది చాలా చిన్న పని. ముందు కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించండి, వందల్లో పోతుంది. అది కూడా ఇంకో మెకానిక్ దగ్గర. గాజువాక ఆటోనగర్‌లో ఫియట్లు విప్పి బిగించిన పాతతరం వాళ్లు ఉంటే వెతకండి. నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఇంటి డాక్టరు ఆపరేషన్ అంటే రెండో డాక్టరుకి చూపించమా?

కొత్త కారు సంగతి. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 18 శాతానికి దిగింది, షోరూంవాళ్లు బాగానే ఊరిస్తున్నారు. ఏడు లక్షల బండికి లక్షన్నర చేతి నుంచి పెట్టి, మిగతా 5.5 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లు తీసుకుంటే ఈఎంఐ సుమారు 8,850. ఇంటి లోనుతో కలిపి నెలకి 27,350, అంటే మీ జీతంలో 43 శాతం. పైగా ఆ లక్షన్నర ఎక్కడిది? చాలావరకు మీ ఎఫ్‌డీయే. ఇంటి ఖర్చూ ఈఎంఐ కలిపి చూస్తే ఆ ఎఫ్‌డీ ఇప్పటికే రెండు నెలల చిల్లరకి మించి రాదు. ఆరు నెలలకి ఉండాలి. వచ్చే ఏడాది అమ్మాయి ఇంజనీరింగో మరొకటో చేరుతుంది. ఇలాంటప్పుడు ఆదివారం బండికి ఏడేళ్ల అప్పు తలకెత్తుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

అలాగని ఫియట్ లాభసాటి అని మిమ్మల్ని మభ్యపెట్టను. ఏడాదికి 9,650, ఆ రేడియేటర్, కార్బొరేటర్ల వాటా 16,100, ఇన్సూరెన్సూ పొల్యూషన్ సర్టిఫికెట్లూ ఓ 4,500. మొత్తం 30 వేలు. ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరుగుతున్నారు కనక పెట్రోలు మరో 20 వేలు. అంటే 50 వేలు. అదే దూరం కిలోమీటరుకి ఇరవై లెక్కన కారు మాట్లాడుకుంటే 40 వేలు. తేడా పదివేలు. నాన్నగారి కారు నడుపుతున్న సరదాకి మీరు కడుతున్నది అదీ. నెలకి ఎనిమిది వందల చిల్లర. ఇందులో తప్పేమీ లేదు, కానీ ఆ అంకె మీకూ మీ ఆవిడకీ తెలిసి ఉండాలి. వేడెక్కే జబ్బు కుదిరితే ఇంకా తగ్గుతుంది.

బండి విలువ 60 వేలైతే 38 వేలు పెట్టడం దండగ అని ఎవరో అన్నారని రాశారు. ఆ పోలిక తప్పు. ఆ డబ్బుతో బండి ఇంకెన్నాళ్లు నడుస్తుంది, అన్నాళ్లు మరో దారిలో ఎంతయ్యేది, ఇదీ చూడాల్సింది. కంప్రెషన్ టెస్టులో నిజంగానే ఇంజన్ పని తేలితే చేయించండి, కానీ గోల్డ్ లోనుతో వద్దు. బంగారం ఇంట్లో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే పనికొచ్చేది.

ఇలా చేయండి. నెలకి 3,500 కారుకంటూ విడిగా ఒక బ్యాంకు ఖాతాలో డిపాజిట్ చేయండి. భయపడకండి, ఇప్పుడు మీరు నెలకి సగటున 4,186 పెడుతూనే ఉన్నారు, చెప్పాపెట్టకుండా పోతోంది కనక తెలియడం లేదు. పెట్రోలు కాక కారుకయ్యే ప్రతి రూపాయీ అందులోంచే. ఏడాదికి అది 42 వేలు. ఇంజన్ పని వస్తే డిపాజిట్ నిండేదాకా ఆగాలి. ఈలోగా కొండ ఎక్కించకండి, చల్లటి పూట లాసన్స్ బే దాకా వెళ్లి రండి. ఒక ఏడాదిలో ఖర్చు 45 వేలు దాటితే మిగతా ఏడాదంతా కవరు కప్పి ఉంచేయాలి. ఈ గీత ఇప్పుడే, ఇంట్లో కూర్చుని, ఆవిడ ఎదురుగా గీయండి. షెడ్డులో బానెట్ ఎత్తి నిలబడి, ఎదురుగా మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఉంటే ఎవరూ ‘వద్దు’ అనలేరు. నేనూ అనలేకపోయాను.

మా ఇంట్లో 1997 మారుతి 800 ఉండేది. హుద్‌హుద్ నాడు, 2014 అక్టోబరు 12న, వేపకొమ్మ విరిగి దాని టాప్ మీద పడింది. అది బాగుచేయించాను. తర్వాత క్లచ్చి. అరకు వెళ్తూ శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో క్లచ్ కేబుల్ తెగింది. మా ఆవిడ రాతి మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, ‘మీరు జనాలకి డబ్బు సలహాలిస్తారు కదూ’ అంది. ఎంత పెట్టానో ఒక్క కాగితం మీద కూడా రాసుకోలేదు. విసుగొచ్చి 2016లో 28 వేలకి అమ్మేశాను. మరుసటి ఏడాది హనుమంతవాక సిగ్నల్ దగ్గర కనిపించింది, టాప్ మీద సొట్ట చూసి గుర్తుపట్టాను. హాయిగా తిరుగుతోంది. జబ్బు బండికి లేదేమో, నా మెకానిక్‌కి ఉందేమో.

పదిహేనేళ్లు దాటిన బండ్లు ఎత్తుకుపోతారని పక్కింటివాళ్లు భయపెడుతున్నారని రాశారు. ఆ పది, పదిహేనేళ్ల నిబంధన ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. ఇక్కడ ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుంటే చాలు. ఇంతవరకూ అలా చేయిస్తూ వచ్చి ఉంటే మీ ఆర్‌సీ గడువు 2029 దాకా ఉండాలి. కాకపోతే 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025లో 10 వేలు చేశారు, గ్రీన్ టాక్స్ వేరే. డిపాజిట్‌లో దానికీ చోటుంచండి. పొల్యూషన్ సర్టిఫికెట్ మీ బండికి ఆరు నెలలకోసారి, మర్చిపోకండి. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు, అంటే 2044లో. అప్పటికి గుడ్డ తడిపే డ్యూటీ మీ మనవళ్లది.

60 వేలు ఇస్తానన్నాయన నంబరు పారేయకండి. రేడియేటర్ కుదిరి, ఆర్‌సీ మీ పేరుకి వచ్చాక అదే బండికి ఇంకాస్త ఎక్కువే పలుకుతుంది. కాగితాలు సరిగ్గా లేని కారుని ఎవరైనా సగం ధరకే అడుగుతారు.

మీ ఆవిడ మాట ఒకటి మిగిలింది. ఉత్తరం మళ్లీ చదివితే ఆవిడ కోపం డబ్బు మీద కాదనిపించింది. విజయనగరంలో ముహూర్తానికి బయల్దేరి, పట్టుచీరతో కొమ్మాది జంక్షన్‌లో గంటన్నర నిలబడ్డ రోజు మీద. అందుకే ఆ 3,500 డిపాజిట్‌లో ఏడాదికి 6 వేలు కారు మాట్లాడుకోవడానికి పక్కన పెట్టండి. పెళ్లిళ్లు, ఆసుపత్రి, రైలు అందుకోవడం, వీటికి ఫియట్ తీయొద్దు. మార్చిలో అమ్మాయి పరీక్షల రోజులకి ఆటో ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకోండి.