వెంట్రికెల్: గుండెదా, మెదడుదా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, జర్మనీ వెళ్లేందుకు జర్మన్ నేర్చుకుంటోంది. బి-1 స్థాయి (దాని పై మెట్లు బి-2, సి-1) అయింది. నమూనా పరీక్షలో ‘వెంట్రికెల్’ అనే మాట రాగానే గుండె గురించి చెప్పుకుపోయిందట. తీరా అది మెదడు స్కానింగ్ రిపోర్టు. ఇప్పుడే వైద్య జర్మన్ కోర్సులో చేర్పించాలా?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: మీ అమ్మాయి ఆ మాట తెలియక పొరబడలేదు, తెలుసుననుకొని పొరబడింది. వెంట్రికెల్‌కు మూలమైన లాటిన్ మాటకు ‘చిన్న పొట్ట’ అని అర్థం. మన పాఠ్యపుస్తకాల్లోని ‘జఠరిక’ కూడా పొట్టను చెప్పే ‘జఠరం’ నుంచి వచ్చినదే. జర్మన్ వైద్యులు గుండెలోని రెండు జఠరికలనూ, మెదడులో ద్రవం నిండి ఉండే నాలుగు గదులనూ ఇదే పేరుతో పిలుస్తారు. అది చాలదన్నట్టు, ‘ఉల్కుస్ వెంట్రికులి’ అంటే జీర్ణాశయంలో పుండు. అందువల్ల ఈ మాటను ఒంటరిగా బట్టీపట్టకుండా పక్కమాటలతో కలిపి నేర్చుకోవాలి. ‘జైటెన్‌వెంట్రికెల్’ అని ఉన్నా, దగ్గరలో ‘లిక్వోర్’ కనిపించినా అది మెదడు సంగతే. ఆ లిక్వోర్ మద్యం కాదు, మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం.

ఇక గుండె జఠరికను రోగులు వెంట్రికెల్ అనరు, ‘హెర్ట్స్‌కామర్’ అంటారు. కామర్ అంటే గది. వైద్యులు రాయవలసిన భాషా పరీక్ష ‘ఫాఖ్‌ష్ప్రాఖ్‌ప్రూఫుంగ్’ సాధారణంగా 60 నిమిషాలు ఉంటుంది. మొదటి 20 నిమిషాలు రోగితో ఇంటిమాటల్లో మాట్లాడాలి, తర్వాతి 20 నిమిషాల్లో విన్నదంతా రాతలో పెట్టాలి, చివరి 20 నిమిషాలు సీనియర్ డాక్టరుకు వైద్య పరిభాషలో కేసు వివరించాలి. కాబట్టి నోటుబుక్కులో ప్రతి మాటకూ రోగి మాట ఒకవైపు, డాక్టరు మాట మరొకవైపు రాసుకోమనండి. (జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ఈ పరీక్ష పెట్టే వైద్య మండలి పేరులోనూ ఇదే ‘కామర్’ ఉంది!)

కోర్సుకు మాత్రం తొందరపడకండి. ఈ పరీక్షకు సి-1 స్థాయి వైద్య భాష కావాలి; సాధారణ జర్మన్‌లో బి-2 రాకముందే పరిభాష మీద పడితే, పేర్లు వస్తాయి గానీ నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎటు పాకిందో రోగిని అడిగే వాక్యం రాదు. బి-2 అయ్యాక చేర్పించండి. డబ్బు కట్టే ముందు, 20 నిమిషాల్లో కేసు రాయించి దిద్ది ఇస్తారో లేదో అడగండి.