అది కంప్యూటరా, ప్లాటా బిడ్డా?

మేడారం జాతరకని ఈసారి జనవరిలోనే హన్మకొండ వచ్చాను. వచ్చిన మూడో రోజు పొద్దున పక్కింటి పెద్దమ్మ ఒక చేతిలో సకినాల గిన్నె, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని వచ్చింది. "మావోడు ఏదో లిస్టు పంపిండు, నీకు చూపియ్యమన్నడు. ఐదు వేల డాలర్లంట. అది కంప్యూటరా, ప్లాటా బిడ్డా?"

మావోడు అంటే వాళ్ల చిన్నబ్బాయి. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. ఎమ్మెస్ అయిపోయి, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ సొంతంగా బిగించుకుంటాడట, ఆ విడిభాగాల లిస్టు అది. నేను ఆ చుట్టుపక్కలే పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఇలాంటి లిస్టులు ఏడాదికి నాలుగైదు వస్తుంటాయి, ఒకటి జగిత్యాల పిల్లాడిది, ఒకటి కరీంనగర్ పిల్లాడిది. ప్రతిసారీ ఫోన్లో గంట మాట్లాడే బదులు ఒక్కసారి రాసి పెడదామనిపించింది. తమ్ముడూ, ఇది నీకే గానీ, నీ తర్వాత విమానం ఎక్కేవాళ్లకి కూడా.

లిస్టు ఇదీ. ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీది బొమ్మలు గీసేది. రైజెన్ 9 9950ఎక్స్3డి ప్రాసెసర్. ఎనిమిది వందల డాలర్ల మదర్‌బోర్డు. నాలుగు స్టిక్కుల్లో 128 జీబీ ర్యామ్. 1600 వాట్ల పవర్ సప్లయి. అద్దాల కేబినెట్, పది ఫ్యాన్లు, లోపలి వేడి తగ్గించడానికి రంగునీళ్లు తిరిగే గొట్టాలు. మానిటర్ దగ్గర మాత్రం "రూమ్‌మేట్‌ది ఉంది" అని రాశాడు. అదేంటని మెసేజ్ పెట్టి అడిగితే 24 అంగుళాలు, 1080పీ (తెర మీద ఎన్ని చుక్కలుంటాయో చెప్పే లెక్క; 1440పీ, 4కే అంతకంటే ఎక్కువ), 60 హెర్ట్జ్ అన్నాడు.

లారీ ఇంజను కొని లూనాకి బిగించినట్టుంది.

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది. నీ కార్డు మూడు వందలు గీసినా నీ కంటికి చేరేవి ఆ అరవై. కాబట్టి లిస్టు మానిటర్‌తో మొదలుపెట్టు. డబ్బు బాగానే ఉంది కాబట్టి 32 అంగుళాల 4కే, 240 హెర్ట్జ్ ఓలెడ్ (ఒక్కో చుక్కా తనే వెలిగే తెర) తీసుకో. ఎక్కువగా ఆడేది కౌంటర్ స్ట్రైక్ లాంటి షూటింగ్ గేములైతే 27 అంగుళాల 1440పీ చాలు, అందులో ఇంకా వేగమైనవి దొరుకుతాయి. ఓలెడ్‌లో ఒక ఇబ్బంది ఉంది. పగలంతా అదే స్క్రీన్ మీద ఆఫీసు పని చేస్తే, కింద కదలకుండా ఉండే టాస్క్‌బార్ కొన్నాళ్లకి మచ్చలా పడిపోవచ్చు. ఇంటి నుంచి పని చేసేవాడివైతే ఆఫీసు పనికి రూమ్‌మేట్ మానిటరే వాడు, అది అందుకు పనికొస్తుంది.

ఇప్పుడు కార్డు. 5090 గొప్పదే, కాదనను. 32 జీబీ మెమరీ, 575 వాట్లు. 2025 జనవరిలో వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన ధర 1,999 డాలర్లు. ఆ ధరకి దుకాణంలో ఎక్కడైనా కనబడితే నాకూ ఫోన్ చెయ్యి, నేనూ వస్తా. నువ్వు పాత వీడియోల్లో ధరలు చూసి లెక్కేసుకున్నావు. ఈ లిస్టు ఈ రోజు ఐదు వేలకి రాదు. దాని కింద 5080 ఉంది, 16 జీబీ, 360 వాట్లు, చెప్పిన ధర 999 డాలర్లు. పెద్ద కార్డు అంతకంటే బాగా వేగమైనదే గానీ, డబ్బు ఎన్ని రెట్లు పెడుతున్నావో వేగం అన్ని రెట్లు రాదు. సొంతంగా ఏఐ మోడళ్లు నడుపుకోవాలి, దానికి మెమరీ కావాలి అంటే 5090 మాట వేరు. గేములకే అయితే 5080 తీసుకుని మిగిలింది మానిటర్‌లో పెట్టు.

నువ్వు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. "మన హన్మకొండ నయీంనగర్ బ్యాచ్‌తో రాత్రుళ్లు ఆడుకోవచ్చు కదన్నా" అని రాశావు. అది ఏ కార్డూ తీర్చలేని కోరిక. డల్లాస్ నుంచి, వాళ్లాడే సర్వర్లుండే ముంబయి దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తీగ సూటిగా వేసినా పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు. నిజంగా వచ్చే పింగ్, అంటే సంకేతం పోయి వచ్చే సమయం, రెండు వందలు దాటుతుంది. వాళ్లు గోడ చాటు నుంచి తల బయటపెట్టి నిన్ను కాల్చి మళ్లీ దాక్కున్నాక నీకు కనబడతారు. పైగా చలికాలంలో మనకీ వాళ్లకీ పదకొండున్నర గంటల తేడా. వాళ్లు రాత్రి పదింటికి కూర్చుంటే నీకు పొద్దున పదిన్నర, స్టాండప్ మీటింగ్ టైము. వాళ్లతో లూడోనో, చదరంగమో ఆడు. షూటింగ్‌కి డల్లాస్ సర్వర్లలోనే తెలుగు పిల్లలు బోలెడంతమంది దొరుకుతారు.

ప్రాసెసర్ గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. రైజెన్ 7 9800ఎక్స్3డి తీసుకో. ఎనిమిది కోర్లు (ఒకేసారి పనిచేసే మెదళ్లు అనుకో), 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ). గేములకి పనికొచ్చేది ఆ క్యాషే. 9950ఎక్స్3డిలో పదహారు కోర్లున్నా ఆ అదనపు క్యాష్ సగం కోర్లకే ఉంటుంది, గేముల్లో రెండూ పక్కపక్కనే నడుస్తాయి. వీడియో ఎడిటింగ్ రోజూ చేసేవాడికి పెద్దది. మదర్‌బోర్డు బీ850 రకం, రెండు వందల పైచిలుకు డాలర్లది చాలు. వైఫై ఉందా, ఎస్‌ఎస్‌డీకి, అంటే గేములు, ఫైళ్లు దాచే డిస్కుకి, ఎన్ని ఎం.2 స్లాట్లున్నాయి, వెనకాల యూఎస్‌బీలు సరిపోతాయా అని చూడు. ఎనిమిది వందల బోర్డు పెట్టినంత మాత్రాన గేములో సెకనుకి నీకు ఒక్క ఫ్రేము, అంటే ఒక్క బొమ్మ కూడా పెరగదు. ఎస్‌ఎస్‌డీ 2 టీబీ, జెన్ 4 (నాలుగో తరం). జెన్ 5 కాగితం మీద రెట్టింపు వేగం, గేము తెరుచుకునేటప్పుడు తేడా పెద్దగా తెలియదు.

ర్యామ్ దగ్గర కాసేపు ఆగాలి. జాతరలో అమ్మవార్లకి నిలువెత్తు బంగారం అని తూకం వేసి ఇచ్చేది బెల్లం. ఈ మధ్య ర్యామ్‌ని మాత్రం నిజం బంగారంలాగే తూచి అమ్ముతున్నారు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటు పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుకని 128 అన్న మాట కొట్టెయ్యి. గేములకి 32 జీబీ చాలు, రెండు పదహార్లు. ఆఫీసు పనికి వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) నడిపేవాడివైతే రెండు ముప్పైరెండ్లు. నాలుగు స్టిక్కులు మాత్రం వద్దు. ఈ ప్రాసెసర్లకి రెండు స్టిక్కులతో 6000 వేగం సుఖంగా వస్తుంది. నాలుగు పెడితే ఈ ప్రాసెసర్లు చేసే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చేది 3600 మాత్రమే. ఎక్కువ డబ్బు పెట్టి వేగం తగ్గించుకోవడం అన్నమాట. కొన్నాక బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఎక్స్‌పో అనే ఆప్షన్ ఆన్ చెయ్యి. లేకపోతే 6000 స్టిక్కు 4800 దగ్గరే కూర్చుంటుంది. ఏడాదిపాటు అలాగే వాడినవాళ్లని చూశాను.

పవర్ సప్లయి దగ్గర పిసినారితనం వద్దు, గొప్పలూ వద్దు. 1000 వాట్లు, ఏటీఎక్స్ 3.1 (కొత్త కార్డులకి తగ్గ ప్రమాణం), గోల్డ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేసేది). 1600 వాట్లది కొంటే దాన్ని పూర్తిగా వాడుకునే ప్లగ్గు కూడా నీ గదిలో లేదు. అమెరికాలో పడకగది సర్క్యూట్ మామూలుగా 120 వోల్టులు, 15 ఆంపియర్లు, అంటే 1800 వాట్లు. గంటల తరబడి లాగే లోడుకి అందులో 80 శాతం, 1440 దాటకూడదని లెక్క. ఒకే సర్క్యూట్ మీద గదిలో ఉన్న ప్లగ్గులన్నీ ఉంటాయి. నా పాత అపార్ట్‌మెంట్‌లో నేను గేములో పీకల్లోతు ఉన్నప్పుడు రూమ్‌మేట్ ఇంటర్వ్యూకి చొక్కా ఇస్త్రీ చేద్దామని ఇస్త్రీపెట్టె పెట్టాడు. గది మొత్తం చీకటి. బ్రేకర్ బాక్సు ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు. బట్టల అల్మరా వెనక దొరికింది, అరగంట తర్వాత. నువ్వు కంప్యూటర్ కొనేలోపే ఆ బాక్సు ఎక్కడుందో చూసి పెట్టుకో.

కార్డుకి పోయే పవర్ కేబుల్ విషయం ఇంకా ముఖ్యం. ఈ కొత్త కనెక్టర్ చిన్నది, పదహారు పిన్నులు, 600 వాట్ల దాకా మోస్తుంది. సగం దూరి ఆగిపోతే వేడెక్కి కరుగుతుంది. దీనికి ముందు తరం కార్డు 4090 కాలం నుంచీ ఈ కథ నడుస్తోంది. బొటనవేలితో గట్టిగా నొక్కు, టిక్కుమనాలి. టార్చి వేసి పక్క నుంచి చూడు, సందు కనబడకూడదు. మూతి దగ్గర మూడు సెంటీమీటర్ల దాకా కేబుల్ వంచొద్దు. అందుకే కేబినెట్ కొనేముందు కార్డు పొడవు మాత్రమే కాదు, కేబుల్ వంగడానికి అద్దానికీ కార్డుకీ మధ్య చోటు ఉందా అని కూడా చూడాలి.

ఇక ఆ రంగునీళ్ల గొట్టాలు. తమ్ముడూ, నువ్వు వచ్చి మూడేళ్లలో ఎన్ని ఇళ్లు మారావు? నాలుగు అన్నావు. ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో వస్తే ఐదోది. నీళ్లు పోసిన కంప్యూటర్ని కారు డిక్కీలో వేసుకుని ఆస్టిన్ దాకా పోతావా? మంచి ఎయిర్ కూలర్ యాభై డాలర్లలోపే వస్తుంది, ఈ ప్రాసెసర్‌కి సరిపోతుంది. అద్దాలకి బదులు ముందు జాలీ ఉన్న కేబినెట్ చూడు. ఇల్లు మారేటప్పుడు కార్డు విప్పి దాని సొంత పెట్టెలోనే పెట్టు. నేను బద్ధకించి కార్డు లోపలే ఉంచి ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో పోయాను. ముప్పై మైళ్లు కూడా లేదు. విప్పి చూస్తే స్లాటు పగిలి కార్డు వేలాడుతోంది. ఇంకోసారి అద్దం పలక ఊడదీసి బాత్రూమ్ టైల్స్ మీద నిలబెట్టాను. ఠప్పుమంది, నేలంతా పటికబెల్లం ముక్కల్లా పరుచుకుంది. ఆ అద్దాన్ని కార్పెట్ మీదే పెట్టాలట.

ఎక్కడ కొనాలి? మాకు ఈ చుట్టుపక్కల పిల్లలకి చిన్నప్పుడు ఒకటే దారి: గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ దిగి, కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో మెట్లెక్కి దిగి పది దుకాణాల్లో బేరమాడటం. డల్లాస్‌లో ఆ లోటు తీర్చేది మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ల దుకాణం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి బండిల్‌గా ఇస్తారు, ర్యామ్ మండిపోతున్న ఈ రోజుల్లో దానికి విలువ ఉంది. బేరం మాత్రం ఉండదు. టెక్సస్‌లో మనముండే ఊళ్లలో అమ్మకపు పన్ను 8.25 శాతం. ఐదు వేలకి నాలుగు వందల పన్నెండు డాలర్లు, లిస్టులో ఆ గడి పెట్టుకో.

ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవాడు ఆ సైటువాడేనా, మధ్యలో ఇంకెవడైనా ఉన్నాడా చూడు. నేను ఒకసారి తక్కువకి వస్తోందని ముక్కూమొహం తెలియని అమ్మకందారు దగ్గర కార్డు కొన్నాను. సీలు వేసిన పెట్టె వచ్చింది. బరువు కూడా సరిగ్గానే ఉంది, లోపల టైల్ ముక్కలు పెట్టారు మరి. క్రెడిట్ కార్డు మీద కొన్నాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే ఆరు వారాలకి డబ్బు తిరిగొచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఇండియా వెళ్లిపోతున్నా, కార్డు అమ్ముతున్నా" అంటే నమ్మి జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే యాప్) పంపావనుకో, ఆ దారి కూడా ఉండదు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తియ్యి.

దుకాణంవాళ్లు "పన్నెండు నెలలు వడ్డీ లేదు" అని స్టోర్ కార్డు అంటగట్టబోతారు. షరతులు చదువు. చాలా వాటిలో పన్నెండో నెలకి పది డాలర్లు బాకీ ఉన్నా, మొదటి రోజు నుంచీ మొత్తం మీద వడ్డీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. క్రెడిట్ స్కోరు ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్నవాడివి, దీనికోసం పాడుచేసుకోకు.

ఇంకో ముక్క. గేములు ఆడుతూ యూట్యూబ్‌లో పెట్టి కంప్యూటర్ ఖర్చు రాబట్టుకుంటా అన్నావట మీ అమ్మతో. వీసా మీద ఉన్నవాడు అలా డబ్బు సంపాదిస్తే అనుమతి లేని పని కిందకి వచ్చే ప్రమాదం ఉంది. ముందు లాయర్‌ని అడుగు.

రేపు వెనక్కి వచ్చేస్తే ఏం చెయ్యాలి అంటావా? పవర్ సప్లయి మీద 100-240 వోల్టులు అని ఉంటే మన 230కి తీగ మారిస్తే చాలు. కార్డు, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ చేతి సంచిలో తెచ్చుకోవచ్చు. కేబినెట్, మానిటర్ అక్కడే అమ్మెయ్యి. కస్టమ్స్‌లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి ఒక ల్యాప్‌టాప్‌కి మినహాయింపు ఉంది, డెస్క్‌టాప్‌కి అలా లేదు, కాబట్టి బిల్లులు దాచు. వారంటీ చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి. మే నెలలో మన హన్మకొండ ఇంట్లో 44 డిగ్రీల్లో 575 వాట్ల కార్డు నడపడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. 5080 అనడానికి అదీ ఒక కారణం.

బిగించే రోజు రెండు సంగతులు గుర్తుంచుకో. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, పీకెయ్యి. మానిటర్ తీగ మదర్‌బోర్డుకి కాదు, కార్డుకి పెట్టు. మొదటిసారి స్విచ్చి వేశాక ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఒక నిమిషం, రెండు, ఐదు. చెమటలు పడతాయి. ఏమీ పాడవలేదు, ఆ బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది. మధ్యలో స్విచ్చి ఆపకు, టీ పెట్టుకో. బొమ్మ వచ్చాక విండోస్ సెట్టింగ్స్‌లో మానిటర్ ఇంకా 60 హెర్ట్జ్‌లో ఉందేమో చూసి 240కి మార్చు.

పెద్దమ్మ సకినాల డబ్బా ఒకటి గట్టిగా టేపు చుట్టి నా సూట్‌కేసులో పెట్టింది. వచ్చే ఆదివారం దిగుతా. వచ్చి తీసుకో, మార్చిన లిస్టు కూడా పట్టుకురా.