హర్షీ ఆర్‌వీ షోకు మొదటిసారి వెళ్ళేవారు ఒక్క రోజులో ఏమి చూడాలి, ఎలా చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నారు, స్కూలుకు వెళ్ళే పిల్లలిద్దరు, వేసవిలో ఆంధ్ర నుంచి వచ్చి కొన్ని నెలలుండే అమ్మానాన్నలు, ఇంట్లో ఉన్నది మూడు వరుసల ఎస్‌యూవీ. ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే, పడకలూ వంటగదీ ఉన్న ఇంటిబండి) కొనాలన్న ఆలోచనతో సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని హర్షీలో జరిగే ఆర్‌వీ షోకు, అంటే ఇలాంటి ఇంటిబండ్ల ప్రదర్శనకు, మొదటిసారి వెళ్ళబోతున్నారు. ఒకే రోజులో అన్ని బండ్లను ఎలా చూడాలి, షో ధర బాగుంటే అక్కడే సంతకం పెట్టవచ్చా అని అడిగారు. మేము పెన్సిల్వేనియాలోనే ఉంటాము; ట్రైలర్ కొనక ముందూ, కొన్న తరవాతా ఈ షోకు వెళ్తూనే ఉన్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను. షో వల్ల కలిగే అసలైన మేలు, వేర్వేరు ఊళ్ళలోని డీలర్ల చుట్టూ తిరిగితే నెలలు పట్టే పనిని, అంటే మీ కుటుంబానికి పనికిరాని నమూనాలను ఏరి పక్కన పెట్టే పనిని, ఒక్క రోజులో పూర్తి చేసుకోగలగడం. సాయంత్రానికి మీ జాబితాలో రెండు మూడు పేర్లు మాత్రమే మిగిలితే ఆ రోజు సార్థకమైనట్టే. సంతకం మాత్రం ఆ రోజు పెట్టవద్దు. ఎందుకో కింద వివరిస్తాను.

బయలుదేరే ముందు మీ ఎస్‌యూవీ డ్రైవరు వైపు తలుపు తెరిచి, అక్కడ ఉండే టైర్ల స్టికర్‌ను ఫోటో తీసుకోండి. ప్రయాణికులు, సామాను కలిసి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద ఉంటుంది. దీనినే పేలోడ్ అంటారు. ప్రకటనల్లో కనిపించే టోయింగ్ సామర్థ్యం కంటే మీ వంటి కుటుంబానికి ఈ అంకే ముఖ్యం, ఎందుకంటే ట్రైలర్ బరువులో కొంత భాగం హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) ద్వారా నేరుగా మీ బండి మీద పడుతుంది. ట్రావెల్ ట్రైలర్లలో ఆ భాగం సాధారణంగా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి దానిని తగ్గించుకుని సర్దుకునే వీలు లేదు. సామానుతో సహా 6,000 పౌండ్లున్న ట్రైలర్‌ను తీసుకుంటే, 12.5 శాతం చొప్పున 750 పౌండ్లు మీ ఎస్‌యూవీ మోయాలి. మీ ఆరుగురి బరువు 850 పౌండ్లు అనుకుంటే రెండూ కలిసి 1,600 అవుతాయి. హిచ్ పరికరాల బరువు ఇంకా కలపనే లేదు. స్టికర్ మీద 1,400 అని ఉంటే, ఆ ఎస్‌యూవీ 7,000 పౌండ్లు లాగగలదని కంపెనీ చెప్పినా సరే, అమ్మానాన్నలతో కలిసి ఆ ట్రైలర్‌తో ప్రయాణం చేయకూడదు. ఈ ఒక్క లెక్క ఇంట్లోనే చేసుకుని వెళితే షోలో సగం బండ్లను లోపలికి ఎక్కకుండానే దాటేయవచ్చు. లెక్క లేకుండా వెళితే ప్రతి అమ్మకందారూ మీ బండి దీనిని సులువుగా లాగేస్తుందనే చెబుతాడు, కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

ట్రైలర్ తలుపు దగ్గర లోపలివైపు కూడా ఇలాంటి స్టికరే ఉంటుంది. సామాను ఎన్ని పౌండ్లు మించకూడదో, నీళ్ళ ట్యాంకు నిండితే అందులో ఎన్ని పౌండ్లు నీటికే పోతాయో దాని మీద ఉంటుంది. గ్యాలన్ నీరు సుమారు 8.3 పౌండ్లు కాబట్టి 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్ల పైమాటే. బ్రోషరు మీద ఉండే ఖాళీ బరువును నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ బండి గరిష్ఠంగా ఎంత బరువుండవచ్చో తెలిపే అంకెను, అంటే జీవీడబ్ల్యూఆర్‌ను, పట్టుకుని లెక్క వేయండి. సెలవులకు వెళ్ళే కుటుంబం ట్రైలర్‌ను ఖాళీగా లాక్కుని వెళ్ళదు.

దీనితో పాటు ట్రైలర్‌ను ఎక్కడ పెడతారో కూడా ముందే తేల్చుకోవాలి. టౌన్‌హౌస్ సంఘాలు చాలా వరకు వీధిలోనూ డ్రైవ్‌వేలోనూ ట్రైలర్లు నిలపనివ్వవు. నెలవారీ స్టోరేజీ అద్దె పొడవును బట్టి పెరుగుతుంది. జాతీయ ఉద్యానవనాల్లోని చాలా పాత క్యాంప్‌గ్రౌండ్లలో కూడా బండి పొడవుకు పరిమితులుంటాయి. కాబట్టి ఎన్ని అడుగులు దాటితే చూడకూడదో ఒక గీత గీసుకుని వెళ్ళండి.

షో జెయింట్ సెంటర్ ఆవరణలో, ఎక్కువ భాగం ఆరుబయట, తారు నేల మీద జరుగుతుంది. శని, ఆదివారాల్లో కిక్కిరిసి ఉంటుంది. వీలైతే పనిదినాన సెలవు పెట్టి గేట్లు తెరిచే వేళకు అక్కడుండండి. మంచి నడక బూట్లు, టేపు, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. మొదటి గంటలోనే మీ జాబితాలోని బండ్ల దగ్గరకు నేరుగా వెళ్ళండి, ఎందుకంటే మధ్యాహ్నానికి ప్రతి బండిలోనూ పది మంది నిలబడి ఉంటారు, మంచం మీద కూర్చుని ఆలోచించే వీలుండదు. లక్షల డాలర్ల క్లాస్ ఎ మోటార్‌హోమ్‌లు (సొంత ఇంజనుతో నడిచే, బస్సు లాంటి ఇంటిబండ్లు) చూడడానికి చాలా బాగుంటాయి. పిల్లలు కూడా అటే లాగుతారు. వాటిని భోజనం తరవాతకు వాయిదా వేయండి.

ఇక ఒక బండిలోకి ఎక్కాక ఏమి చేయాలి? నా దృష్టిలో ఈ జవాబులో ముఖ్యమైన భాగం ఇదే. చాలామంది తలుపులోంచి ఎక్కి, చుట్టూ చూసి, ‘బాగుంది’ అని దిగిపోతారు. నచ్చిన బండిలో కనీసం పావుగంట ఉండి, ఒక రోజంతా అక్కడ కాపురం చేస్తున్నట్టు ప్రవర్తించి చూడండి. బాత్రూములోకి వెళ్ళి తలుపు మూసుకుని టాయిలెట్ మీద కూర్చుని, మోకాళ్ళు గోడకు తగులుతున్నాయో లేదో చూడండి. షవర్‌లో నిలబడి తల రుద్దుకుంటున్నట్టు చేతులెత్తండి. మంచం మీద పూర్తిగా పడుకోండి. ఆర్‌వీల్లో క్వీన్ అని చెప్పే పరుపు చాలా వాటిలో 74 లేదా 75 అంగుళాల పొడవే ఉంటుంది, ఇంట్లో వాడే 80 అంగుళాల పరుపు కాదు. బంకు పడకల దగ్గర అవి ఎంత బరువు మోస్తాయో అడిగి, పిల్లలు ఇంకో అయిదేళ్ళలో ఎంత అవుతారో ఊహించుకోండి.

పెద్దవారిని వెంట తీసుకెళ్ళగలిగితే తప్పక తీసుకెళ్ళండి. ఒకసారి మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నప్పుడు షోకు తీసుకెళ్ళాము. మా అందరికీ ఎంతో నచ్చిన ఒక నమూనాలో, భోజనాల బల్లను దించి మంచంగా ఎలా మారుస్తారో అమ్మకందారు చూపించాడు. ఆవిడ ఆ మంచం మీద కూర్చుని, బాత్రూము వైపు చూసి, “రాత్రి లేవాలంటే నేను ఎవరిని తొక్కుకుంటూ వెళ్ళాలి?” అని అడిగారు. మధ్యలో సోఫాను కూడా మంచంగా లాగితే నిజంగానే దారి మిగలదు. ఎనిమిది మంది పడుకోవచ్చని బోర్డు మీద రాసిన బండి అది. పడకల సంఖ్యను కాక, వాటన్నిటినీ పరిచాక నడిచే దారిని చూడాలని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను. మెట్ల విషయం కూడా అంతే: మడత విప్పగానే నేల మీద గట్టిగా ఆనుకునే మెట్లకూ, గాలిలో వేలాడుతూ కదిలే మెట్లకూ మోకాళ్ళ నొప్పులున్నవారికి చాలా తేడా ఉంటుంది. ఫిఫ్త్ వీల్‌లలో (పికప్ ట్రక్కు వెనక తొట్టెలో తగిలించి లాగే ట్రైలర్లలో) పడకగదికి లోపల మళ్ళీ మెట్లెక్కాలి. టాయిలెట్ దగ్గర చేతితో పట్టుకునే నీటి స్ప్రే బిగించడానికి వీలుందేమో అడగండి. ఆర్‌వీ టాయిలెట్లలో కొన్ని నమూనాలు దానితోనే వస్తాయి. అది వాడితే బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) కాస్త త్వరగా నిండుతుంది, కాబట్టి ఆ ట్యాంకు పరిమాణం కూడా రాసుకోండి.

మన వంటకు ఈ వంటగదులు సరిపోతాయా అన్నది విడిగా పరీక్షించవలసిన విషయం. మీ ప్రెషర్ కుక్కర్ ఎత్తు, విజిల్‌తో సహా, ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళి, పొయ్యికీ పైనున్న మైక్రోవేవ్‌కూ మధ్య జాగా కొలవండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను బయటికి పంపుతుందా, లేక ఫిల్టరు గుండా తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుందా అని అడిగి, బయట గోడకు దాని మూత ఉందో లేదో మీరే వెళ్ళి చూడండి. ఎండుమిర్చి పోపు పెట్టగానే పొగ అలారం మోగే చిన్న గదిలో ఇది చిన్న విషయం కాదు. కరెంటు సంగతీ తెలుసుకోవాలి. 30 ఆంపియర్ల బండికి మొత్తం 3,600 వాట్లే దొరుకుతాయి. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, 1,000 వాట్ల ఇన్‌స్టంట్ పాట్ రెండూ వేస్తే బ్రేకరు పడిపోవచ్చు. 50 ఆంపియర్ల బండికి 12,000 వాట్లు అందుతాయి, కానీ అవి సాధారణంగా పెద్ద బండ్లు.

షోలో స్లైడ్‌లన్నీ (గదిని వెడల్పు చేయడానికి గోడతో సహా జరిగే భాగాలు) బయటికి జరిపి ఉంచుతారు కాబట్టి ప్రతి బండీ విశాలంగా కనిపిస్తుంది. దారిలో రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు అవి మూసి ఉంటాయి. అప్పుడు బాత్రూముకు వెళ్ళగలమా, ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా అన్న ప్రశ్నకు జవాబు షోలో దొరకడం కష్టం, జనం మధ్య వాటిని మూసి చూపించరు. ఆ ప్రశ్నను నమూనా పేరుతో సహా రాసుకుని, తరవాత డీలరు దగ్గర మూయించి చూడండి. ఫోటోలు తీసేటప్పుడు ముందు ధర స్టికర్‌ను, తరవాత గదులను తీయండి. లేకపోతే రాత్రికి అన్ని వంటగదులూ ఒకేలా కనిపిస్తాయి.

బ్రాండ్ పేర్ల గురించి ఎక్కువ మథనపడవద్దు. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో అత్యధిక భాగం ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం నుంచే వస్తుంది, వాటిలో చాలా బ్రాండ్లు మూడు పెద్ద సంస్థల చేతిలో ఉన్నాయి. జేకో, కీస్టోన్, ఎయిర్‌స్ట్రీమ్ థోర్ సంస్థవి. గ్రాండ్ డిజైన్ విన్నెబాగో సంస్థది. ఫారెస్ట్ రివర్ వారెన్ బఫెట్ పేరుతో ముడిపడిన బెర్క్‌షైర్ హాత్‌వేది. చట్రాలు, ఇరుసులు, ఫ్రిజ్‌లు కూడా చాలావరకు అవే కొద్ది సరఫరాదారులవి. కాబట్టి మీ కళ్ళ ముందున్న బండిలో పనితనం చూడండి. సింకు కింది తలుపు తెరిచి, టార్చి వేసి, పైపులను క్లిప్పులతో బిగించారో వేలాడదీశారో చూడండి. సొరుగులు చివరిదాకా లాగండి. కిటికీల మూలల్లో సీలంటు ఎలా పూశారో చూడండి. బయటి గోడను పక్కనుంచి, ఎండ ఏటవాలుగా పడే కోణంలో చూస్తే ఉబ్బులుంటే తెలిసిపోతాయి. హర్షీలో డీలర్లతో పాటు తయారీ కంపెనీల ప్రతినిధులు కూడా ఉంటారు. పైకప్పు ఏ పదార్థం, గోడల లోపల కలప ఉందా అల్యూమినియం ఉందా, కిందటేటి నమూనాకూ దీనికీ ఏమి మారింది వంటి ప్రశ్నలు వారినే అడగండి. మీరు ఇష్టంగా అడిగితే వారూ ఓపికగా, ఇష్టంగా చెబుతారు. అలాంటి సంభాషణలు మరెక్కడా దొరకవు.

సంతకం విషయానికి వస్తే, షో ధరలన్నీ మాయ అని నేను అనడం లేదు. పక్కపక్కనే పోటీ డీలర్లుండడం వల్ల కొన్ని తగ్గింపులు నిజమైనవే. అయితే బోర్డు మీది ధరలో రవాణా, బండి సిద్ధం చేసే ఖర్చు, కాగితాల రుసుము, పన్ను ఉండకపోవచ్చు. మీరు న్యూజెర్సీవారు కాబట్టి అక్కడి 6.625 శాతం అమ్మకపు పన్ను కూడా లెక్కలో ఉండాలి. అన్నీ కలిపి చివరికి ఎంతో కాగితం మీద రాసి ఇమ్మనండి. నెలకు ఎంత కట్టగలరని అడిగితే జవాబు చెప్పవద్దు, ఎందుకంటే పదిహేను, ఇరవై ఏళ్ళ అప్పుగా సాగదీస్తే ఏ ధరైనా నెలవారీగా చిన్నదిగానే కనిపిస్తుంది. బండి విలువ మాత్రం మొదటి ఏళ్ళలోనే బాగా పడిపోతుంది. ఇంకో ముఖ్య విషయం. తాత్కాలిక వేదికల్లో కొన్నవాటిని మూడు రోజుల్లో రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి ఇస్తుంది కానీ, శాశ్వత దుకాణం ఉన్న డీలరు అలాంటి చోట అమ్మే మోటారు వాహనాలకు అది వర్తించదు. అందుచేత రద్దు చేసుకోవచ్చులే అన్న ధైర్యంతో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆ ధర ఆ వారాంతానికే అంటే, పూర్తిగా తిరిగి ఇస్తామని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చే చిన్న అడ్వాన్సు మాత్రమే ఇవ్వండి, అది కూడా మీ ఇంటికి దగ్గరలో ఉన్న డీలరుకే. తెలిసిన ఒక కుటుంబం ధర కోసం నాలుగు గంటల దూరంలోని డీలరు దగ్గర షోలోనే కొన్నారు. వారంటీ మరమ్మతు కోసం ప్రతిసారీ అంత దూరం లాక్కుని వెళ్ళవలసి వచ్చింది, దగ్గరి డీలర్లు తాము అమ్మిన బండ్లకే ముందు సమయం ఇచ్చారు.

షో అయిన వారంలోపు, జ్ఞాపకం తాజాగా ఉండగానే, మిగిలిన రెండు మూడు నమూనాలను ఎడిసన్‌కు దగ్గరి డీలర్ల దగ్గర మళ్ళీ చూడండి. వీలైతే అదే పరిమాణంలో ఒక ట్రైలర్‌ను వారాంతానికి అద్దెకు తీసుకుని, మీ ఎస్‌యూవీతో లాగి, ఒక రాత్రి గడపండి. కొనే బండిని ఆ డీలరు దగ్గర నీళ్ళు, కరెంటు, గ్యాసు అన్నీ కలిపి గంటల తరబడి నడిపించి చూశాకే చివరి సొమ్ము కట్టండి. అది షోలో వేలమంది ఎక్కి దిగిన బండే అయితే ఈ తనిఖీ ఇంకా అవసరం. డీలరు దగ్గరకు వెళ్ళినప్పుడు అమ్మకాల బల్ల దగ్గరకన్నా ముందు సర్వీసు కౌంటరుకు వెళ్ళి, జూన్ నెలలో పైకప్పు కారితే ఎన్ని రోజులకు చూస్తారని అడగండి.