మార్కులు వేసినవాళ్లు కాల్చింది మీ పెట్టెలోది కాదు

ప్రశ్న: మా అల్లుడు దుబాయ్‌లో పనిచేస్తాడు. సంక్రాంతికి వస్తూ మాంటెక్రిస్టో నంబర్ 2 అనే క్యూబా సిగార్ల పెట్టె తెచ్చాడు. 25 ఉన్నాయి. 'సిగార్ అఫిషియనాడో' పత్రిక 2013లో దీన్నే ఆ ఏటి మేటి సిగార్‌గా ఎంచిందని, 90కి పైన మార్కులు ఇచ్చిందని గొప్పగా చెప్పాడు. తీరా వెలిగిస్తే ముక్కు మండిపోయింది, అమ్మోనియా వాసన. అదే వారం మా స్నేహితుడు ఇచ్చిన 89 మార్కుల డొమినికన్ సిగార్ హాయిగా ఉంది. ఈ మార్కులను నమ్మాలా వద్దా? కొన్నేళ్లు దాస్తే బాగవుతుందంటున్నారు. మన తిరుపతి ఎండల్లో ఎలా దాచేది?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ అల్లుడు తెచ్చింది మంచి సరుకే, మీ ముక్కు చెప్పిందీ నిజమే. ముందు ఆ ఘాటు సంగతి చూద్దాం.

క్యూబాలో సిగార్ ఆకును కొట్టాల్లో వేలాడదీసి ఆరబెట్టాక గుట్టలుగా పేరుస్తారు. తేమకు, బరువుకు గుట్ట లోపల వేడి పుడుతుంది. ఆ వేడిలో ఆకులోని మాంసకృత్తులు విరిగి, అమ్మోనియా బయటికి పోతుంది. వేడి హద్దు దాటకుండా గుట్ట విప్పి, ఆకు తిరగేసి, మళ్లీ పేరుస్తారు. మన గోదావరి లంకల్లో చుట్ట పొగాకును మగ్గబెట్టడంలోనూ సూత్రం ఇదే. నా ఉద్యోగమంతా ఒంగోలు వైపు వర్జీనియా ఆకు గ్రేడింగులో గడిచింది. అది బ్యారన్ (ఆకు ఆరబెట్టే వేడి గది) వేడిలో కొద్ది రోజుల్లో ఆరిపోయే ఆకు, రంగు చూసి చాలావరకు చెప్పేయొచ్చు. సిగార్ ఆకు అలా లొంగదు. దాన్ని ముక్కుతోనే పట్టుకోవాలి.

సిగార్ చుట్టేటప్పుడు ఆకు విరగకుండా మళ్లీ తేమ పట్టిస్తారు. దాంతో ఆగిపోయిన మగ్గుడు ఇంకాస్త సాగుతుంది. అందుకే చుట్టిన కొత్తలో బాగున్న సిగార్ తర్వాత కొన్ని నెలలపాటు ఘాటెక్కి, ఆపైన నెమ్మదిస్తుంది. ఆ నడిమి కాలాన్ని సిగార్ వ్యాపారులు సిక్ పీరియడ్ అంటారు. మీ పెట్టె బోర్లించి అడుగున చూడండి. క్యూబా సిగార్లను అమ్మే సంస్థ హబానోస్ పేరు, 'తోతాల్మెంతే ఆ మానో' అన్న ముద్ర ఉంటాయి. అంటే పూర్తిగా చేత్తో చేసినదని. వాటి పక్కన సిరాతో కొట్టిన చిన్న అక్షరాలు ఉంటాయి. ఒక వరుస ఫ్యాక్టరీ సంకేతం, ఇంకొకటి నెల, సంవత్సరం. నెల స్పానిష్‌లో ఉంటుంది: జనవరికి 'ఎనే', ఆగస్టుకు 'అగో', డిసెంబరుకు 'దిక్'. ఆ తేదీ నిరుటిదో మొన్నటిదో అయితే, మీకు తగిలిన అమ్మోనియాకు కారణం వయసే. పెట్టె గురించి ఏ మార్కూ చెప్పలేనిది ఆ చిన్న ముద్ర చెబుతుంది.

ఇక మార్కులు. ఆ పత్రిక 1992లో అమెరికాలో మొదలైంది. రుచి చూసేవాళ్లకు ఇచ్చే ముందు సిగార్ ఉంగరం (పేరున్న కాగితపు పట్టీ) తీసేసి, నంబరున్న తెల్ల పట్టీ వేస్తారు. ఆ పద్ధతిని గౌరవిస్తాను. పొగాకు వేలం కేంద్రంలో బేలు (ఆకు మూట) ఏ రైతుదో చూడకుండా ఆకును చూసి గ్రేడు వేయాలని మేమూ పట్టుబట్టేవాళ్లం. పత్రికలో సిగార్ కంపెనీల ప్రకటనలు వస్తాయి కాబట్టి మార్కులన్నీ అమ్ముడుపోయినవే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1962 నుంచి క్యూబా సరుకును అమెరికాలో అమ్మనివ్వడం లేదు, అయినా ఆ పత్రిక క్యూబా సిగార్లకు మంచి మార్కులు ఇస్తూనే ఉంది.

నా అభ్యంతరం వేరు. మాంటెక్రిస్టో నంబర్ 2 ఒక కొన తేలిన ఆకారం. పొడవు 156 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 52. గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు కాబట్టి మందం ఇరవై మిల్లీమీటర్ల పైమాటే. ఉంగరం తీసేసినా ఈ ఆకారాన్ని, క్యూబా ఆకు వాసనను ఏళ్ల తరబడి కాల్చినవాడు అనుమానించకుండా ఉండలేడు. పైగా వాళ్ల కొలమానం చూడండి: 95 నుంచి 100 క్లాసిక్, 90 నుంచి 94 అవుట్‌స్టాండింగ్, 80 నుంచి 89 వెరీగుడ్ మొదలు ఎక్సలెంట్ వరకు. అంటే మీ స్నేహితుడి 89 వాళ్ల లెక్కలోనే చాలా మంచి సిగార్. 89కీ 90కీ మధ్య కొనేవాళ్లు కట్టినంత ఎత్తు గోడ ఆ పత్రిక కూడా కట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి పంట. 2013లో వాళ్లు మెచ్చుకున్నది అంతకు ముందరి ఏళ్ల ఆకును. మీ పెట్టెలోది వేరే పంట, వేరే వాన, వేరే చెయ్యి. క్యూబాలో మేటి ఆకు పండే వుయెల్తా అబాహో ప్రాంతం పినార్ దెల్ రియో రాష్ట్రంలో ఉంది. 2022 సెప్టెంబరు 27న ఇయన్ తుపాను నేరుగా అక్కడే తీరం దాటి, ఆకు ఆరబెట్టే కొట్టాలను వేలల్లో కూల్చింది. 1990ల చివర్లో గిరాకీ ఎక్కువై హడావుడిగా చుట్టినప్పుడు, ఎంత లాగినా పొగ రాని సిగార్లు పేరున్న పెట్టెల్లోనే వచ్చాయి. ఆ తర్వాతే గాలి ఆడుతోందో లేదో చూసే యంత్రాలు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. మరి ఒకే పేరు మీద ఒకే అంకెను పదేళ్లు మోస్తే ఎలా? అంకెను వదిలేసి కింద రాసిన రెండు వాక్యాలు చదవండి. క్యూబా సిగార్లకు పెట్టె తేదీ కూడా ఇస్తుంటారు. మీ తేదీకి దగ్గరగా ఉంటే ఆ మాటలకు కొంత విలువ ఇవ్వండి.

దాస్తే బాగవుతుందా అంటే, దేన్ని దాస్తున్నామన్నదే ప్రశ్న. కొత్త బియ్యం ఏడాది ఆగితే అన్నం పొడిపొడిగా వస్తుంది, నూకలు ఎన్నేళ్లు దాచినా నూకలే. సిగార్‌లో అమ్మోనియా పోతుంది, నాలుకను కొరికే గుణం తగ్గుతుంది, పొరల్లోని ఆకులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. గట్టిగా బిగించి చుట్టింది మాత్రం ఎన్నాళ్లున్నా వదులు కాదు.

లోపలి ఆకును బట్టి కూడా లెక్క మారుతుంది. మొక్క అడుగు ఆకు పల్చన, తేలిగ్గా కాలుతుంది, దాన్ని వొలాదో అంటారు. నడిమి ఆకు సెకో, వాసన దానిదే. పైన ఎండ తిన్న మందపాటి ఆకు లిహేరో, బలం దానిది. లిహేరో పాలు ఎక్కువగా ఉండే బొలీవార్, పార్టగాస్ లాంటివి ఏళ్లకేళ్లు నిలుస్తాయి. తేలికపాటి ఓయో దె మోంతెర్రే రకాలను అంతకాలం దాస్తే ఘాటుతోపాటు వాసన కూడా పోయి, వెచ్చటి పొగ మిగులుతుంది. ఎంత పాతదైతే అంత గొప్ప అనే మాట అమ్మేవాళ్లకు లాభం. మీ మాంటెక్రిస్టోకు ముద్ర తేదీ నుంచి మూడు నాలుగేళ్లు చాలు. ఆపైన రుచి పెరుగుతోందని మీ నాలుకే చెబితే ఇంకా ఉంచండి.

తిరుపతిలో దాచడమే అసలు పరీక్ష. సిగార్‌కు 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం, 65 శాతం తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో రాత్రి పూట కూడా ఇంత చల్లదనం ఉండదు. వేడి 24 డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న పురుగు గుడ్లు పిగిలే ప్రమాదం ఉంది. మన వంటింట్లో పసుపు కొమ్ములను, ధనియాలను తొలిచే గోధుమరంగు చిన్న పురుగు ఇదే. సిగార్ మీద సూదితో పొడిచినట్టు బెజ్జం కనిపిస్తే ఆ పెట్టెలోవి అన్నీ బయటికి తీసి, గాలి చొరని కవర్లో కట్టి, ఒకరోజు ఫ్రిజ్‌లో, మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. నేరుగా ఫ్రీజర్‌లోంచి బయటికి తెస్తే పై ఆకు పగులుతుంది. శాశ్వతంగా ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎండిపోతాయి, సాంబారు వాసన పడతాయి. ఉష్ణోగ్రత మార్చుకోగల చిన్న వైన్ ఫ్రిజ్ ఉంటే మంచిది. లేకపోతే రోజూ ఏసీ నడిచే గదిలో, ఎండ తగలని అల్మారా అడుగు అరలో, రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టెను ఉంచి, 65 శాతం తేమ పొట్లాలు వేయండి. అవి తేమ తక్కువైతే ఇస్తాయి, ఎక్కువైతే లాగేస్తాయి. పూజ గది పక్కన వద్దు. కర్పూరం, సాంబ్రాణి, అగరుబత్తి, ఏది దగ్గరుంటే దాని వాసన ఆకు పట్టేస్తుంది.

తేమ చూపే డిజిటల్ మీటరును గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిపి, మీటరుతోపాటు చిన్న డబ్బాలో మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి 75 శాతం చూపాలి. 71 చూపిస్తే దాని లెక్కకు నాలుగు కలుపుకోవాలని అర్థం. సిగార్ల మీద నూగు లాంటి తెల్లటి బూజు లేస్తే తేమ ఎక్కువైందని, ఆ సిగార్‌ను పారేయాలని అర్థం. అది మంచి లక్షణమని ఎవరు చెప్పినా వినొద్దు.

మీ సొంత మార్కులు మీరే వేసుకోండి. ఆరు నెలలకొకటి చొప్పున చూడండి. గోంగూర, ఊరగాయ లేని భోజనం చేసిన ఒక గంటకు, ఫ్యాను గాలి తగలని చోట కూర్చోండి. వెలిగించకముందు కొసన వాసన చూసి రాయండి. పొగ మింగకుండా, నిమిషానికి ఒక్కసారికి మించకుండా లాగండి. తొందరపడితే వేడెక్కి చేదు పుడుతుంది, ఆ చేదు ఆకుది కాదు, మీ తొందరది. మొదటి మూడో వంతులో ఎలా ఉంది, నడుమ ఎలా మారింది, చివర ఎక్కడ వదిలేయాలనిపించింది, మామూలు మాటల్లో రాసుకోండి. రాసేదాకా ఎవరి సమీక్షా చదవొద్దు. 'తోలు, కోకో' అని ముందే చదివితే నాలుక అవే వెతుకుతుంది. వీలైతే మీ స్నేహితుడి 89ని, దీన్ని ఉంగరాలు తీసేసి ఇంకెవరి చేతనైనా ఇప్పించుకోండి. 89 మళ్లీ మీకు నచ్చితే, మీ సిగార్ అదే.

అన్నట్టు, అల్లుడితో కొండకు వెళ్లేటప్పుడు కారులో పెట్టె ఉందేమో చూసుకోండి. పొగాకు ఏదైనా తిరుమల పైకి నిషేధం, అలిపిరి తనిఖీలోనే ఆపేస్తారు.

ప్రశ్న: మావారు రోజూ సాయంత్రం సిగార్ కాలుస్తారు. పొగ మింగను కాబట్టి ఏమీ కాదని, ఇవి ఏళ్ల తరబడి మగ్గినవి కాబట్టి విషం పోయి ఉంటుందని వాదిస్తారు. నిజమేనా?
- ఒక గృహిణి, సంతపేట, చిత్తూరు

జవాబు: నిజం కాదమ్మా. మగ్గబెట్టడం వల్ల పోయేది ఘాటు. క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు ఆకు ఆరి మగ్గేటప్పుడే పుడతాయి, దాచినంత మాత్రాన పోవు. పొగ మింగకపోయినా నోరు, నాలుక, గొంతు దానిలోనే నానుతాయి. నికోటిన్ నోటి పొర గుండానే ఒంట్లోకి చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ ప్యాకెట్ అంతటి పొగాకు ఉండవచ్చు. రోజూ ఒకటంటే చిన్న అలవాటు కాదు. నేను ఆరు నెలలకొకటి అని రాసింది ఊరికే రాయలేదు, మొదలుపెట్టనివాళ్లను మొదలుపెట్టమని ఎప్పుడూ చెప్పను. ఆయన నోట్లో తెల్లమచ్చ కానీ, మూడు వారాలైనా మానని పుండు కానీ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. తిరుపతి స్విమ్స్‌లో క్యాన్సర్ విభాగం ఉంది. మానేయాలనుకుంటే 1800-11-2356కు ఫోన్ చేయమనండి, డబ్బులు కట్టక్కర్లేదు. వాదన పెంచుకోకుండా ఈ ముక్క చదివి వినిపించండి.

ప్రశ్న: తెలిసినవాళ్లు కోహిబా అనే క్యూబా సిగార్ల పెట్టె సగం ధరకే ఇస్తామంటున్నారు. పైన గాజు మూత, లోపల సిగార్లు కనిపిస్తూ చాలా అందంగా ఉంది. తీసుకోవచ్చా?
- ఒక యువకుడు, తిరుపతి

జవాబు: వద్దు. కోహిబాను గాజు మూత పెట్టెలో క్యూబా ఎప్పుడూ అమ్మలేదు. గాజు మూత కనిపిస్తే ఇక లోపల చూడాల్సిన పని లేదు. 1966లో ఫిదేల్ కాస్ట్రో కోసం మొదలై, 1982లో బయటి మార్కెట్‌కు వచ్చిన పేరు అది. 2022లో ధరలు బాగా పెంచారు కూడా. సగం ధరకు ఇచ్చేవాడికి అసలుది దొరికే దారి లేదు. మీవాళ్లెవరైనా విదేశాల నుంచి వస్తుంటే హబానోస్ అధికారిక దుకాణంలో, బార్‌కోడు, హోలోగ్రామ్ ఉన్న ముద్ర చూసి తెమ్మనండి. 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం సుంకం లేకుండా ఒకరు 25 సిగార్లు తెచ్చుకునే వీలుండేది. ఇప్పటి నిబంధన కస్టమ్స్ వెబ్‌సైటులో చూసుకుని బయల్దేరాలి.

ప్రశ్న: ఎర్రచందనం చెక్కతో చిన్న పెట్టె చేయించి అందులో సిగార్లు దాచుకుంటే బాగుంటుందా?
- ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం చెక్క ఇంట్లో ఉంటేనే కేసు అవుతుంది, ఆ ఆలోచన మానుకోండి. మంచిగంధం కూడా పనికిరాదు, దాని నూనె వాసన ఆకును మింగేస్తుంది. సిగార్ పెట్టెలకు వాడే చెక్క సెడ్రెలా అనే చెట్టుది. మన వేప కుటుంబానికే చెందినది. తేమను పట్టి మెల్లగా వదలడం, పురుగును కొంత దూరం ఉంచడం దాని గుణాలు. క్యూబా సిగార్లు వచ్చే చెక్క పెట్టెలు చాలావరకు ఆ చెక్కవే. కాబట్టి కొత్తది చేయించే ఖర్చు అక్కర్లేదు. వచ్చిన పెట్టెనే మూత బిగుతైన డబ్బాలో పెట్టి, తేమ పొట్లం వేసుకోండి, సరిపోతుంది.